గేటు దగ్గర లెక్క సరే, లోపల వెంటాడటం వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పిల్లల ఐడీ కార్డుల్లో చిప్ పెట్టి, గేటు దగ్గర, కారిడార్లలో, లైబ్రరీలో, బాత్రూముల బయట ఆ చిప్‌ని చదివే రీడర్లు బిగిస్తామని బడి యాజమాన్యం అంటోంది. ఏ పిల్ల ఏ క్షణాన ఎక్కడుందో ఆఫీసులో స్క్రీన్ మీద కనిపిస్తుందట, తల్లిదండ్రులకు యాప్ కూడా ఇస్తారట. పేరెంట్స్ కమిటీలో సగం మంది ఇంకేం కావాలి అంటున్నారు. మిగతా సగం మందికి ఇది మింగుడు పడటం లేదు, కానీ ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నారు. మీ ఓటు ఎటు వేయాలో తేల్చుకోలేక అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. గేటు దగ్గర, బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కార్డు చూపించడం వరకు ఒప్పుకోండి, అదీ కొన్ని షరతులతో. లోపలి రీడర్లు మాత్రం వద్దనండి. బడులకు హాజరు సిస్టమ్‌లు, తలుపుల యాక్సెస్ సిస్టమ్‌లు పెట్టే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. అమ్మే వైపు కూర్చున్నాను, తర్వాత కొనే వైపూ కూర్చున్నాను. టెక్నాలజీ మీద నాకు కోపమేమీ లేదు, నాకు అన్నం పెట్టింది అదే. కానీ ఒకే కొటేషన్‌లో, ఒకే ధర కింద రెండు వేర్వేరు వస్తువులు కలిపి అమ్ముతున్నారు. వాటిని విడదీసి చూడాలి.

గేటు దగ్గరి రీడర్ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పిల్ల వచ్చిందా, వెళ్లిపోయిందా? రోజుకి రెండు నమోదులు. ఆ జవాబు కోసం ఎదురుచూసే మనిషి ఉంటారు, క్లాస్ టీచరో, హాజరు చూసే క్లర్కో. రాలేదని తెలిస్తే ఇంటికి ఫోన్ వెళ్తుంది. పొద్దునే బయల్దేరిందే అని ఇంట్లో వాళ్లంటే వెంటనే వెతకడం మొదలుపెడతారు. కారిడార్ రీడర్ సంగతి వేరు. 10:42కి ఫలానా కార్డు రెండో అంతస్తు మెట్ల దగ్గర కనిపించిందని అది రాసుకుంటుంది. ఆ సంగతి ఆ క్షణంలో ఎవరికి కావాలి? ఎవరికీ అక్కర్లేదు. ఇలా ఎవరికీ అక్కర్లేని సంగతులు రోజుకి వేలకొద్దీ సర్వర్‌లో చేరుతుంటాయి. అవి ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో కావాల్సి వస్తాయి. గొడవంతా అక్కడే.

యాజమాన్యం ఏ రీడర్ గురించి చెప్పినా మీరు ఒక్క మాట అడగండి. ఈ సమాచారం వచ్చిన రెండు నిమిషాల్లో ఎవరు ఏం చేస్తారు? గేటు రీడర్‌కి దీనికి జవాబుంటుంది. లైబ్రరీ రీడర్ దగ్గరికి, బాత్రూమ్ రీడర్ దగ్గరికి వచ్చేసరికి సేల్స్ కుర్రాడు నీళ్లు నములుతాడు, లేదంటే రిపోర్టులు, అనలిటిక్స్ అంటాడు. అంటే అప్పటికప్పుడు చేసేదేమీ లేదు, పోగేసి పెట్టుకోవడమే పని.

పోగేస్తే నష్టమేంటని మీ కమిటీలో ఎవరైనా అంటే, వాళ్లకి ఇలాంటి లాగ్, అంటే నమోదుల పట్టీ ఒకటి చూపించండి. ఇది నేను కల్పించి రాస్తున్నదే, కానీ అసలు లాగులు అచ్చం ఇలాగే ఉంటాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి కార్డు. 8:51 గేటు. 9:36 బాత్రూమ్, 9:47 వరకు. 10:58 మళ్లీ బాత్రూమ్. 11:20 నర్సు గది, 11:52 వరకు. 12:40 లైబ్రరీ, అదే నిమిషంలో ఇంకో కార్డు కూడా లోపలికి. 1:05కి రెండూ కలిసి బయటకి. నిన్నా, మొన్నా ఆ రెండు కార్డులదీ అదే వరస. 2:15 కౌన్సెలర్ గది. ఇందులో ఆ అమ్మాయి నోరు విప్పి చెప్పిన మాట ఒక్కటీ లేదు. అయినా తనకి నెలసరి ఎప్పుడొచ్చిందో, ఎవరితో చనువుగా ఉంటోందో, ఏ రోజు మనసు బాగాలేక సాయం అడగడానికి వెళ్లిందో ఇందులో చదివేయొచ్చు. మూడు నెలల లాగ్ చేతికొస్తే సొంత డైరీ కంటే ఎక్కువే తెలుస్తుంది. దీన్ని చూసేదెవరు? ఆఫీసులో లాగిన్ ఉన్న వాళ్లంతా, వెండర్ దగ్గర సపోర్ట్ చేసే వాళ్లంతా. యాప్ ఇస్తే ఇంట్లో వాళ్లూ చూస్తారు.

ఆ చివరిది చాలామందికి తట్టదు. మా అమ్మాయి ఎక్కడుందో నాకు తెలిస్తే తప్పేంటని తల్లిదండ్రులు అడుగుతారు, న్యాయంగానే. కానీ ఇంట్లోనే ఇబ్బంది పడే పిల్లలు ప్రతి బడిలోనూ కొంతమంది ఉంటారు. వాళ్లకి కౌన్సెలర్ గది ఒక్కటే దారి. ఆ గది తలుపు దగ్గర రీడర్ ఉందని, అది ఇంట్లో ఫోన్‌కి మెసేజ్ పంపుతుందని తెలిసిన రోజు ఆ పిల్లలు అటువైపు వెళ్లడం మానేస్తారు. భద్రత కోసం బిగించిన వస్తువు భద్రత అవసరమైన పిల్లల్నే దూరం పెడుతుంది.

ఇక టెక్నాలజీ సంగతి. మొట్టమొదట గుర్తుంచుకోవాల్సింది, ఈ సిస్టమ్‌లు పిల్లని చూడవు, కార్డుని చూస్తాయి. అందుకే ఏ రకం కార్డు అమ్ముతున్నారో కనుక్కోండి. తలుపులకి వాడే పాత 125 కిలోహెర్ట్జ్ కార్డుల్ని, ఫోన్ ఆనించి డబ్బు కట్టే పద్ధతిలో వాడే 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల్ని మామూలుగా రీడర్‌కి దగ్గరగా, కొన్ని సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. అంటే పిల్ల తెలిసే చూపిస్తుంది. 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే యూహెచ్ఎఫ్ కార్డుల్ని కొన్ని మీటర్ల దూరం నుంచే చదివేయొచ్చు. బ్యాటరీ ఉన్న బ్లూటూత్ ట్యాగులైతే ఎవరు అడిగినా అడగకపోయినా సిగ్నల్ పంపుతూనే ఉంటాయి. "కార్డు తీయక్కర్లేదు సార్, మెడలో ఉంటే చాలు" అని వెండర్ గొప్పగా చెబితే అది ఇలా దూరం నుంచి చదివే రకం. ఆయన సౌకర్యం అంటున్నది పిల్లలకి తెలియకుండా చదవడమే.

పోనీ అది కచ్చితంగా పనిచేస్తుందా అంటే, డెమోలో చేస్తుంది. యూహెచ్ఎఫ్ తరంగాల్ని నీరు పీల్చుకుంటుంది, మనిషి ఒంట్లో సగం పైన నీరే. కార్డు ఒంటికి ఆనుకుని ఉన్నా, పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ గుంపుగా నడిచినా కొన్ని కార్డులు చదవకుండా దాటిపోతాయి. బ్లూటూత్‌లో సిగ్నల్ బలాన్ని బట్టి దూరాన్ని అంచనా కడతారు. గోడలు, ఇనుప బీరువాలు, మనుషుల గుంపు ఆ అంచనాని మీటర్ల కొద్దీ తప్పిస్తాయి. పై అంతస్తులో కూర్చున్న పిల్లాడు కింది గదిలో ఉన్నట్టు కనిపించడం ఈ పనిలో ఉన్నవాళ్లకి కొత్త కాదు. జీపీఎస్ సంగతి వదిలేయండి, నాలుగు గోడల మధ్య, పైన స్లాబు ఉన్నచోట దాన్ని నమ్మలేం.

లెక్క వేసి చూద్దాం. వెయ్యి మంది పిల్లలున్న బడి, 99 శాతం కార్డులు సరిగ్గా చదివాయి అనుకుందాం. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ రోజూ పొద్దున పది మంది పిల్లలు క్లాసులో ఉండి కూడా రానట్టే లెక్క. పది ఇళ్లకి "మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు" అని మెసేజ్ వెళ్తుంది. వాళ్లలో ఒక తల్లి ఆఫీసులో ఏదో మీటింగ్‌లో ఉంటుంది. గంట క్రితం తనే దగ్గరుండి బస్సెక్కించింది. కాళ్లూ చేతులూ ఆడవు. బడికి ఫోన్ చేస్తే లైన్ బిజీ, మిగతా తొమ్మిది మందీ అప్పుడే చేస్తున్నారు మరి. పావుగంట టెన్షన్ పడ్డాక తేలేదేంటంటే, పిల్లాడు క్లాసులోనే ఉన్నాడు, కార్డు నిన్నటి షర్టు జేబులో ఉండిపోయింది. మూడోసారి ఇలా జరిగాక ఆవిడ ఆ మెసేజ్‌లు తెరవడం మానేస్తుంది. నిజంగా పిల్లాడు బడికి చేరని రోజు కూడా ఆ మెసేజ్ తెరవకుండానే ఉండిపోతుంది. అందుకే గేటు రీడర్‌కి కూడా నేను పెట్టే మొదటి షరతు ఇది: క్లాస్ టీచర్ కళ్లతో చూసి రాలేదని ధ్రువీకరించాకే ఇంటికి మెసేజ్ వెళ్లాలి.

ఇవి సిస్టమ్ తప్పులు, పిల్లల తెలివితేటలు వేరే. ఒకడు మెడలో నాలుగు కార్డులు వేసుకుని దర్జాగా గేటు దాటతాడు. మిగతా ముగ్గురు ఎక్కడున్నారో వాడికి తెలుసు, సిస్టమ్‌కి తెలియదు. నిజానికి ఎగ్గొట్టాలనుకున్న పిల్లకి ఈ కార్డు వరం, బడికి రాకపోయినా హాజరు పడుతుంది. పాత రకం 125 కిలోహెర్ట్జ్ కార్డుల్లో చాలావాటిలో ఉండేది మారని నంబరు ఒక్కటే, దాన్ని కాపీ చేయడం పెద్ద విద్యేమీ కాదు. ప్రపంచమంతా వాడిన మైఫేర్ క్లాసిక్ కార్డు రహస్య పద్ధతిని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లోనే ఛేదించి చూపించారు. అయినా ఆ రకం కార్డులు ఇంకా అమ్ముడవుతున్నాయి, కారణం చౌక. మీ వెండర్ ఏ చిప్ ఇస్తున్నాడో కొటేషన్‌లో రాయమనండి.

భద్రత దగ్గరికి వద్దాం. మీ కమిటీని కదిలించేది ఆ మాటే కాబట్టి.

అగ్నిప్రమాదం జరిగితే లోపల ఎవరు మిగిలారో స్క్రీన్ మీద కనిపిస్తుందంటారు. కరెంటు పోతుంది, నెట్‌వర్క్ పోతుంది, ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చునే మనిషి కూడా అందరితో పాటు బయటికి పరుగెత్తాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ల్యాబ్‌లో బ్యాగుకి తగిలించిన కార్డు అక్కడే ఉండిపోతే స్క్రీన్ మీద ఆ పిల్ల ల్యాబ్‌లోనే ఉంటుంది. ఆ చుక్క కోసం ఒక ఫైర్‌మన్ పొగలోకి వెళ్తాడు. పిల్ల గ్రౌండ్‌లో నిలబడి ఉంటుంది. ఖాళీ చేయించాక క్లాసు వారీగా వరసలో నిలబెట్టి, టీచర్ చేతిలో ఆ రోజు హాజరు పట్టీతో తలలు లెక్కపెట్టడాన్ని మించిన పద్ధతిని నేను చూడలేదు. గేటు రీడర్ ఆ పట్టీని సరిగ్గా ఉంచడానికి పనికొస్తుంది. అంతవరకే దాని సాయం.

బయటివాళ్లు లోపలికి చొరబడతారన్న భయానికి మందు గేటు, తాళం, వచ్చినవాళ్ల పేరు రాసుకునే మనిషి. పిల్లల మెడలో చిప్ బయటివాడిని ఆపదు. బయటివాడి మెడలో చిప్ ఉండదు కదా. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2023 సెప్టెంబరులో బడుల్లో ముఖ గుర్తింపుని నిషేధించింది. ఆ నిర్ణయానికి ముందు చేయించిన అధ్యయనంలో చర్చకొచ్చిన సంగతుల్లో ఒకటి, బడుల్లో కాల్పులు జరిపినవాళ్లలో ఎక్కువమంది ఆ బడిలో చదువుతున్నవాళ్లే అని. లోపలికి వచ్చే హక్కు ఉన్న మనిషినే సిస్టమ్ పచ్చదీపం వెలిగించి పంపిస్తుంది.

పిల్లలు బయటకి జారుకోవడం అనేది మాత్రం నిజమైన సమస్య, ముఖ్యంగా ఆటిజం లాంటివి ఉన్న చిన్నపిల్లల విషయంలో. 2013 అక్టోబరులో న్యూయార్క్ నగరంలో మాటలు రాని ఒక 14 ఏళ్ల అబ్బాయి బడి పక్క తలుపులోంచి బయటకి వెళ్లిపోయాడు. కొన్ని నెలల తర్వాత నదిలో మృతదేహం దొరికింది. ఆ తర్వాత ఏడాది నగర పాలక మండలి చేసిన చట్టం బడుల బయటి తలుపులకి అలారాలు పెట్టడం గురించి. తలుపు తెరుచుకుంటే మోత మోగుతుంది, దగ్గరున్న పెద్దవాళ్లు పరుగెత్తుతారు. ఎవరు తెరిచారో అలారంకి తెలియక్కర్లేదు. మీ బడిలో ఎన్ని పక్క తలుపులున్నాయో, వాటిలో ఎన్నింటికి అలారం ఉందో ఈ చర్చ మొదలయ్యాక ఎవరైనా లెక్కపెట్టారా? అలా జారుకునే అలవాటున్న ఒక పిల్లకి తల్లిదండ్రులు, డాక్టరు, టీచరు కూర్చుని మాట్లాడుకుని ప్రత్యేకంగా ట్యాగ్ పెడితే నాకు అభ్యంతరం లేదు. అక్కడ అవసరం తెలుసు, ఎవరు స్పందిస్తారో తెలుసు. ఆ ఒక్క పిల్ల పేరు చెప్పి వెయ్యి మందికి తగిలించడమే కుదరదంటున్నాను.

ఇంతకీ ఇది ఎక్కడా చేసి చూడలేదా అంటే, చూశారు. కాలిఫోర్నియాలో సటర్ అనే చిన్న ఊళ్లో ఒక బడి 2005లో పిల్లలకి రేడియో చిప్ ఉన్న కార్డులు వేసింది. రీడర్లు తరగతి గదుల తలుపుల పైనా, బాత్రూముల దగ్గరా పెట్టారు. ముందుగా తల్లిదండ్రులకి సరిగ్గా చెప్పలేదు. ఆ టెక్నాలజీ అమ్ముడైతే బడికి అందులో వాటా వచ్చే ఒప్పందం కూడా ఉందని వార్తల్లో వచ్చింది. ఊరు ఊరంతా లేచింది, వారాల్లోనే కంపెనీ సామాను సర్దుకుంది. మీ దగ్గర కూడా అడగండి: పైలట్ పేరుతో వెండర్ ఉచితంగా ఇస్తున్నాడా, బదులుగా బడి ఏమిస్తోంది?

పెద్ద ఉదాహరణ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోది. అక్కడ నార్త్‌సైడ్ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) 2012లో రెండు బడుల్లో, సుమారు 4,200 మంది పిల్లలకి చిప్ కార్డులు ఇచ్చింది. కారణం దాచిపెట్టలేదు. ఆ రాష్ట్రంలో ప్రభుత్వం ఇచ్చే డబ్బు రోజువారీ సగటు హాజరు మీద ఆధారపడి ఉంటుంది. పిల్ల బడి ఆవరణలోనే ఎక్కడో ఉండి, పేరు పిలిచే సమయానికి క్లాసులో లేకపోతే ఆ రోజు డబ్బు పోయినట్టే. చిప్‌తో ఆవరణలో ఎక్కడున్నా దొరకబుచ్చుకుంటే ఆ డబ్బు వస్తుందని లెక్కలేశారు. ఒక విద్యార్థిని మత కారణాలతో కార్డు వేసుకోనంది. చిప్ తీసేసిన కార్డు ఇస్తామన్నా ఒప్పుకోలేదు. వ్యవహారం ఫెడరల్ కోర్టుకెక్కింది. 2013 జనవరిలో జడ్జి బడి పక్షానే నిలిచారు. నన్ను ఆలోచింపజేసింది ఆ తర్వాతి సంగతి. కోర్టులో గెలిచి కూడా అదే ఏడాది వేసవిలో ఆ డిస్ట్రిక్ట్ పథకాన్ని ఎత్తేసింది. హాజరు ఆశించినంత పెరగలేదు. స్క్రీన్ మీద చుక్కగా కనిపించిన పిల్లని వెళ్లి పట్టుకురావడానికి మనిషి కావాలి, ఆ మనుషులకి వేరే పనులున్నాయి. రెండు నిమిషాల ప్రశ్న వాళ్లు ముందు అడిగి ఉంటే ఆ ఖర్చు మిగిలేది.

కార్డులతో ఇంత తలనొప్పి ఎందుకు, ముఖం చూసి గుర్తుపట్టే కెమెరా పెట్టేద్దాం అని ఈపాటికి ఎవరో అనే ఉంటారు. దానికి నా సమాధానం చాలా చిన్నది, వద్దు. కార్డు పోతే ఇంకోటి ఇస్తారు. ముఖం వివరాలు బయటకి పోతే ఇంకో ముఖం తెచ్చుకోలేం. పైగా పిల్లల ముఖాలు ఏడాదికేడాది మారతాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో చేసిన పెద్ద పరీక్షలో చాలా సాఫ్ట్‌వేర్లు ఒకరిని చూసి మరొకరు అనుకునే తప్పు పిల్లల విషయంలో, ముసలివాళ్ల విషయంలో ఎక్కువ చేశాయని తేలింది.

స్వీడన్‌లో షెలెఫ్టెయో మునిసిపాలిటీ ఒక హైస్కూల్లో 22 మంది పిల్లల మీద మూడు వారాలు ముఖ గుర్తింపుతో హాజరు తీసి చూసింది. హాజరు పిలవడానికే టీచర్లకి ఏడాదికి 17,280 గంటలు పోతున్నాయని వాళ్ల లెక్క. పిల్లల తల్లిదండ్రుల నుంచి అనుమతి కూడా తీసుకున్నారు. అయినా 2019 ఆగస్టులో అక్కడి డేటా రక్షణ సంస్థ 2,00,000 క్రోనార్ల జరిమానా వేసింది. ఆ అనుమతి చెల్లదంది. బడికి, పిల్లలకి మధ్య ఎవరిది పైచేయో తెలిసిందే, అలాంటి చోట ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారని ఎలా అనుకుంటామని దాని వాదన. హాజరు తీసుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గాలు ఉన్నాయి కదా అని కూడా అంది.

అనుమతి గురించి ఆ మాట మీ కమిటీకి నేరుగా వర్తిస్తుంది. అడ్మిషన్ ఫారం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక టిక్కు పెట్టించుకుని అందరూ ఒప్పుకున్నారంటే కుదరదు. కాదన్న పిల్లకి వేరే దారి ఉండాలి, ఆ దారిలో వెళ్లినందుకు ఆలస్యం గానీ అవమానం గానీ ఉండకూడదు. బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2012 నాటి చట్టం వేలిముద్రలు, ముఖం లాంటి వాటి విషయంలో ఈ పని చక్కగా చేసింది. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి, వాళ్లు ఒప్పుకున్నా పిల్ల వద్దంటే వద్దే, బడి వేరే ఏర్పాటు చూపించాలి. పిల్లల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి కమిటీ 2021లో ఇచ్చిన వ్యాఖ్యానం కూడా ఇదే తీరులో ఉంటుంది: పిల్లల మీద డిజిటల్ నిఘా ఒక రివాజుగా, అందరి మీదా ఒకేలా, వాళ్లకి తెలియకుండా సాగకూడదు, అభ్యంతరం చెప్పే హక్కుండాలి, ఉన్నవాటిలో పిల్లల గోప్యతకి తక్కువ భంగం కలిగించే మార్గం చూడాలి. భారతదేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం పిల్లల్ని ట్రాక్ చేయకూడదనే మొదలుపెడుతుంది, 2025 నియమాల్లో విద్యాసంస్థలకి చదువు పనులకీ, పిల్లల భద్రతకీ మినహాయింపు ఇచ్చింది. "చట్టం ఒప్పుకుంటుంది కదా" అని యాజమాన్యం అంటే, ఒప్పుకోవడం వేరు, చేసి తీరాలనడం వేరని చెప్పండి. శాన్ ఆంటోనియోలో కోర్టూ ఒప్పుకుంది.

డేటా మా దగ్గర భద్రంగా ఉంటుందని ప్రతి వెండరూ చెబుతాడు. పవర్‌స్కూల్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ వేల బడుల్లో పిల్లల రికార్డులు నిర్వహిస్తుంది. 2024 డిసెంబరులో ఎవరో దొంగిలించిన ఒక లాగిన్‌తో దాని సపోర్ట్ పోర్టల్‌లోకి వెళ్లి కోట్లమంది విద్యార్థుల, టీచర్ల వివరాలు ఎత్తుకెళ్లారు. కంపెనీ డబ్బు చెల్లించింది, డేటా చెరిపేశామని దొంగలు వీడియో కూడా చూపించారట. 2025 మే నాటికి అదే డేటా చూపించి బడుల్నే నేరుగా బెదిరించడం మొదలైంది. ఒకసారి చేతులు మారిన డేటాని వెనక్కి తెచ్చే మార్గం ఎవరి దగ్గరా లేదు. పేర్లు, పుట్టిన తేదీలు పోవడమే ఇంత ఘోరమైతే, ఏ పిల్ల రోజూ ఏ వేళకి ఎక్కడ ఒంటరిగా ఉంటుందో తెలిపే లాగ్ సంగతి మీరే ఊహించుకోండి. పిల్లల స్మార్ట్ వాచీల్లో ఇలాంటిది జరిగింది కూడా. 2017లో నార్వే వినియోగదారుల సంస్థ కొన్ని వాచీలు పరీక్షిస్తే, ఊరూ పేరూ తెలియనివాళ్లు కూడా పిల్లలు ఎక్కడున్నారో చూడగలిగేలా ఉన్నాయని బయటపడింది. లేని డేటాని ఎవరూ దొంగిలించలేరు. బడి కట్టగలిగిన గట్టి తాళం అదొక్కటే.

టీచర్ల మాట కూడా ఒకటి చెప్పాలి, పక్కదారి అనిపించినా. పేరు పిలిచి హాజరు వేయడం దండగ పని అని మేనేజ్‌మెంట్‌లు అనుకుంటాయి. ఆ రెండు నిమిషాల్లో టీచర్ ప్రతి ముఖం వైపూ చూస్తుంది. కళ్లు ఎర్రగా ఉన్న పిల్ల, చెయ్యి దాచుకుంటున్న పిల్ల, రోజూ ముందు బెంచీలో ఉండి ఈ రోజు మూలకి పోయిన పిల్ల కనిపిస్తారు. రీడర్‌కి ఇవేవీ కనిపించవు. గేటు రీడర్ పెట్టినా క్లాసులో పేరు పిలవడం ఆపనివ్వకండి.

ఇప్పుడు షరతులు. గేటుకి, బస్సుకి కార్డు ఒప్పుకుంటే అది దగ్గరగా చూపిస్తేనే చదివే రకం కావాలి. కార్డు చిప్‌లో పేరు, తరగతి, ఫోన్ నంబరు ఏవీ ఉండకూడదు, అర్థం లేని ఒక నంబరు చాలు. రాకపోకల సమయాలు హాజరు రిజిస్టరులోకి ఎక్కాక ఆ అసలు లాగ్‌ని ఎన్నాళ్లు ఉంచుతారో రాయించండి. నన్నడిగితే ఒక నెల చాలు, అంతకుమించి ఎందుకో వాళ్లు చెప్పాలి. లాగ్ ఎవరు తెరిచి చూశారో, ఎప్పుడు చూశారో కూడా నమోదు కావాలి, ఆ పట్టీ కమిటీకి అడిగినప్పుడు ఇవ్వాలి. ఇది పెడితే ఊరికే తెరిచి చూసే సరదా సగం తగ్గిపోతుంది. క్రమశిక్షణ చర్యలకి ఈ డేటా వాడకూడదని విడిగా రాయించండి. రాయకపోతే ఆరు నెలల్లో "ఆలస్యం 14 సార్లు" అని ప్రింటవుట్ తీసి పిల్లని నిలబెడతారు. బస్సు సంగతిలో బస్సు ఎక్కడుందో తల్లిదండ్రులకి కనిపిస్తే చాలు, అది బస్సు మీద నిఘా, ఎవరికీ బాధ లేదు. ఏ పిల్ల ఏ స్టాపులో దిగిందో ఆ పిల్ల ఇంటివాళ్లకి తప్ప వేరెవరికీ వెళ్లకూడదు.

ఒప్పందం డ్రాఫ్ట్ మీ చేతికి వస్తే ముందు చివరి పేజీలకి వెళ్లండి. ఒప్పందం ముగిశాక డేటా ఏమవుతుంది, వెండర్ కంపెనీని ఇంకొకరు కొంటే ఏమవుతుంది, "సేవల మెరుగుదల కోసం" అనే మాట కింద ఏమేం చేసుకోవచ్చు, ఇవన్నీ అక్కడే ఉంటాయి. ఆ మూడో మాట కనిపిస్తే కొట్టేయించండి.

చివరికి యాజమాన్యం మధ్యేమార్గంగా ఒకటి అనొచ్చు: రీడర్లు అన్నిచోట్లా బిగించి ఉంచుదాం, లోపలివి ఆఫ్‌లో పెడదాం, అవసరమైనప్పుడు చూసుకుందాం అని. దానికి ఒప్పుకోకండి. వైరింగ్ పడ్డాక వాటిని ఆన్ చేయడం కంప్యూటర్‌లో ఒక క్లిక్కు, దానికి ఎవరూ కమిటీ మీటింగ్ పెట్టరు. గేటు, బస్సు రీడర్లకి మాత్రమే విడిగా ధర రాసి తెమ్మనండి. పక్క తలుపుల అలారాలకి ఎంతవుతుందో కూడా అదే కొటేషన్‌లో అడగండి. లోపలి రీడర్లు తీసుకోకపోతే ఇవ్వను అని ఆ వెండర్ అంటే ఇంకో వెండర్‌ని పిలవండి, గేటు రీడర్లు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు.